మంత్రిగారు ‘సీరియస్’ అయితే ఆసుపత్రికి తీసుకెళ్లాలా?

సందేహం: మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. మావారికి గుండెపోటు వచ్చినప్పుడు సెలవు కోసం ‘మై ఫాదర్ ఈజ్ సీరియస్’ అని వాళ్ల మేనేజరుకు మెయిల్ పెడితే, ఆయన ‘అబౌట్ వాట్?’ అని తిరిగి అడిగాడట. (మావారు ఇప్పుడు కులాసా.) మొన్న పేపర్లో ‘అధికారులపై మంత్రి సీరియస్’ అన్న హెడ్డింగు చూసి మా అత్తగారు ‘అయ్యో, ఏమైందమ్మా ఆయనకి?’ అన్నారు. ఇంతకీ ఈ మాటకు అసలు అర్థం ఏమిటి? దీనికి సరైన తెలుగు మాట ఏది?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మేనేజరును తప్పు పట్టలేమండీ. ఇంగ్లీషులో జబ్బు సీరియస్ కావచ్చు, దెబ్బ సీరియస్ కావచ్చు, పరిస్థితి సీరియస్ కావచ్చు. మనిషిని సీరియస్ అంటే మాత్రం అతను వేళాకోళం ఆడటం లేదనో, పట్టిన పని గట్టిగా పట్టాడనో అర్థం. అందుకే ‘దేని గురించి?’ అని అడిగాడు పాపం. మన వాడుకలో ‘కండిషన్’ రాలిపోయి విశేషణం నేరుగా మనిషికే అతుక్కుంది. ఇందులో టెలిగ్రాం చెయ్యి కొంత ఉందని నా ఊహ. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అని నాలుగు ముక్కల్లో తేల్చేసేవారు. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది గానీ, దాని వ్యాకరణం మన నోట్లో మిగిలింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికా ఆసుపత్రులు రోగి స్థితి చెప్పేటప్పుడు ‘సీరియస్’ని ‘క్రిటికల్’కి ఒక మెట్టు కింద పెడతాయి. మనం ‘సీరియస్‌గా ఉంది, రమ్మన్నారు’ అంటే ఆశ సన్నగిల్లిందనే. అంటే మన సీరియస్ వాళ్ల క్రిటికల్. దీనికి తెలుగులో చక్కటి మాట ‘విషమం’. ఇందులో విషం ఏమీ లేదు, చాలామంది అలా అనుకుంటారు. వి-సమ, అంటే సమంగా లేనిది, ఎగుడుదిగుడు. పద్యాల్లో నాలుగు పాదాలూ దేనికదే వేరుగా ఉండే వృత్తం విషమ వృత్తం. వేళాపాళా లేకుండా వచ్చిపోయే జ్వరాన్ని ఆయుర్వేదం విషమ జ్వరం అంది. ఆరోగ్యం అదుపు తప్పిందనడానికి ఇంతకంటే మంచి మాట దొరకదు.

ఇక మంత్రిగారి సంగతి. ఇంగ్లీషు ‘సీరియస్’కి కోపం అనే అర్థం లేదు. లాటిన్‌లో దీని మూలపదానికి బరువైనది, ముఖ్యమైనది, నవ్వులాట కానిది అని అర్థాలు. ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. కోపం మనం చేర్చిందే. ఎలా చేరింది? ‘ముఖం సీరియస్‌గా ఉంది’ అంటే నవ్వు లేదని. దాని పక్కన మన ‘అవు’ ధాతువు పెట్టి ‘సీరియస్ అయ్యాడు’ అంటే, ఉన్న నవ్వు పోయిందని. మన ఇళ్లలో నాన్న ముఖంలో నవ్వు పోయిందంటే తర్వాత వచ్చేవి చివాట్లే కదా! అలా ఒక్కో అడుగు వేసి కోపం దాకా చేరింది. చేరాక కోపం తాలూకు విభక్తిని కూడా తెచ్చుకుంది చూడండి: ‘నా మీద సీరియస్ అయ్యాడు’. ఇంగ్లీషులో దీని పక్కన ‘అబౌట్’ వస్తుంది. ‘మీద’ మనం ఇచ్చిన కట్నం.

దీన్ని తప్పు అనను. అరువు తెచ్చుకున్న మాట ఇంటి మనిషై కొత్త అర్థం తెచ్చుకోవడం ఏ భాషలోనైనా ఉన్నదే. కానీ పేపరు హెడ్డింగుల విషయంలో నాకు కొంచెం కినుక ఉంది. మంత్రి కసురుకున్నారా, గదమాయించారా, మండిపడ్డారా, మెత్తగా మందలించారా? తెలుగులో కోపానికి ఇన్ని మెట్లున్నాయి. ‘సీరియస్’ అనగానే అవన్నీ చదునైపోతాయి. పైగా ‘సీరియసైన మంత్రి’ అని రాస్తే, ఆయన గంభీర స్వభావుడా, కోప్పడ్డ మనిషా అన్నది కూడా తేలదు.

‘గంభీరం’ అంటే గుర్తొచ్చింది. నిఘంటువు తీయగానే సీరియస్‌కి మొదట కనబడేది అదే. సంస్కృతంలో గంభీరమంటే లోతైనది. హిందీవాళ్లు సమస్యకీ, రోగి పరిస్థితికీ కూడా దాన్నే వాడతారు. తెలుగులో కంఠం గంభీరంగా ఉంటుంది, నడక గంభీరంగా ఉంటుంది. అందులో ఒక మెచ్చుకోలు ఉంది. ‘నీటి కొరత గంభీరమైన సమస్య’ అంటే తెలుగు చెవికి ఎబ్బెట్టే. అక్కడ ‘తీవ్రమైన’ అనాలి.

కాబట్టి ‘సరైన తెలుగు మాట ఏది’ అని ఒక్కటి అడిగితే చెప్పలేను. పిల్లవాడు సీరియస్‌గా చదువుతుంటే అది శ్రద్ధ. ‘సీరియస్‌గా చెప్తున్నా’ అంటే నవ్వులాటకి కాదు, నిజంగానే అని. ‘సీరియస్‌గా తీసుకోకు’ అంటే మనసులో పెట్టుకోకు. ఈ చివరిదానికి మనవాళ్లు ‘లైట్ తీస్కో’ అని ఎదురుజోడు కూడా కట్టేశారు, ‘గా’ని కూడా తీసేసి మరీ తేలిక చేశారు. లాటిన్ రాకపోయినా పాత బరువును సరిగ్గానే పసిగట్టారు.

మీ అబ్బాయికి మాత్రం చెప్పండి: అలాంటి మెయిల్ ఇక రాయాల్సిన అవసరం రాకూడదు గానీ, రాస్తే ‘ఫాదర్’ తర్వాత ‘ఈజ్ ఇన్ క్రిటికల్ కండిషన్’ అని రాయమనండి. అత్తగారికి, మంత్రిగారు ఆరోగ్యంగానే ఉన్నారని చెప్పండి.