చలికి గడ్డకట్టడమా, కొయ్యబారడమా?

సందేహం: స్పానిష్ నేర్చుకుంటున్నాను. చలికి కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పడాన్ని ‘ఎంగర్రోతార్’ అంటారు. స్పెయిన్‌లోనే మాట్లాడే మరో భాష గలీసియన్‌లోనూ ఈ క్రియ ఉంది. తెలుగులో ‘గడ్డకట్టుకుపోవడం’ అనవచ్చా? ఇందులోని ‘గర్రోతె’కూ మన ‘కర్ర’కూ చుట్టరికం ఉందా?

సమాధానం: చుట్టరికం లేదు. గర్రోతె అంటే దుడ్డుకర్రే, చెవికీ దగ్గరగానే వినిపిస్తుంది. కానీ అది ఫ్రెంచి నుంచి వచ్చిన మాటని స్పానిష్ నిఘంటువులు చెబుతాయి; మన కర్ర దేశ్యం. ధ్వని కలిసిన ప్రతి మాటతోనూ వియ్యమందుకుంటూ పోతే ప్రపంచంలో తెలుగు కాని భాష మిగలదు.

మాటను కట్టిన తీరు మాత్రం మనకు కొత్తకాదు. వాళ్లు గర్రోతెకు ముందు ‘ఎన్’, చివర ‘ఆర్’ తగిలించి క్రియ చేసుకున్నారు. మనం కొయ్యకు ‘బారు’ చేర్చాం. ఎర్రబారు, నల్లబారు, బండబారు అన్నింటిలోనూ ఈ ‘బారు’ ఆ స్థితికి రావడాన్నే చెబుతుంది. అందుకే ‘కొయ్యబారు’ సరిగ్గా అతుకుతుంది. ఒక్క చిక్కు: భయానికీ, దిగ్భ్రాంతికీ కూడా కొయ్యబారతాం. ‘గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు’ అంటే ఎవరికీ చలి గుర్తురాదు. ‘చలికి’ అన్న మాట వదలకండి.

వేళ్ల గురించైతే ‘కొంకర్లు పోవు’ ఇంకా బాగుంటుంది. కొంకర అంటే వంకర. లంబసింగి చలిలో తెల్లవారుజామున బైకు నడిపి దిగినవాణ్ణి జర్కిన్ జిప్పు తీయమనండి. వేళ్లు హ్యాండిల్ పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంటాయి, బొటనవేలు చూపుడువేలిని అందుకోదు. అవీ కొంకర్లు! గిల్లినా తెలియకపోతే మొద్దుబారడం. తిమ్మిరికి చలితో పనిలేదు, బాసింపట్టు వేసుకుని కూర్చున్నా ఎక్కుతుంది. తెలంగాణలో ‘ఇగం పెడుతోంది’ అనేది ఒంటి గురించి కాదు, బయటి చలి గురించి.

గడ్డకట్టేవి నెయ్యి, నెత్తురు, నీళ్లు. బతికున్న మనిషి గడ్డకట్టడం ఇంగ్లీషు ‘ఫ్రీజ్’ చలవ. అమెరికా నుంచి ఫోన్‌లో ‘గడ్డకట్టుకుపోతున్నాం’ అంటే నవ్వి ఊరుకుంటాను గానీ, అనువాదంలో కనిపిస్తే కొట్టేస్తాను.

ముందుముందు మీకు ‘అతెరీర్’ కూడా తగులుతుంది. అదీ చలికి బిగుసుకుపోవడమే. మన ‘లేదు’కు లేక, లేని వంటి కొద్ది రూపాలే ఉన్నట్టు, సంప్రదాయ వ్యాకరణం దానికీ అన్ని రూపాలూ ఇవ్వదు. వర్తమానంలో ‘నేను’తో వాడబోతే రూపమే దొరకదు. ఎక్కువగా కనిపించేది ‘అతెరీదో’. దానికి ‘చలికి బిగుసుకుపోయిన’ అని రాసుకోండి.