బలం లేకుండానే ముఖ్యమంత్రి: 1984 ఆగస్టు, గుంటూరు నుంచి చూసినవాడి జవాబు

నాదెండ్ల భాస్కరరావు 1984లో ముఖ్యమంత్రి ఎలా కాగలిగారు, ఆయన ఎన్టీఆర్‌కు ద్రోహం చేశారనడం న్యాయమేనా అని మీరు అడిగారు. ఆ తర్వాత ఆయన రాజకీయాల్లోంచి తుడిచిపెట్టుకుపోయారనీ రాశారు. రెండో ప్రశ్న మీద నలభై ఏళ్లుగా చర్చ జరుగుతూనే ఉంది. అది ఎటూ తేలదు. నాకు మొదటిదే ముఖ్యం. సభలో బలం లేని మనిషి తన తెలివితేటలతోనే కుర్చీ ఎక్కలేడు. పైనుంచి ఎవరో చేయందించాలి.

ముందు ఆయనకు దక్కవలసింది దక్కనిద్దాం. న్యాయవాది, మాటకారి, శాసనసభ ఆనుపానులు తెలిసినవారు. 1978లో ఇందిరా కాంగ్రెస్ తరఫున విజయవాడ తూర్పు నుంచి, 1983లో తెలుగుదేశం తరఫున మా గుంటూరు జిల్లా వేమూరు నుంచి గెలిచారు. 1982 మార్చిలో పార్టీ పుట్టేనాటికి రామారావుగారికి జనం తెలుసు, సచివాలయం తెలియదు. ఆ లోటు పూడ్చినవారిలో భాస్కరరావుది ముందు వరుస. ఆర్థిక మంత్రి పదవి ఊరికే రాలేదు. పార్టీ నిర్మాణంలో తన వాటా గురించి ఆయన తర్వాత చెప్పుకున్నదంతా డంబమని నేననను. కానీ ఎన్టీఆర్ ప్రచార వాహనం చైతన్యరథం కోసం అర్ధరాత్రి దాకా రోడ్డు పక్కన పడిగాపులు పడిన జనం ఎవరిని చూడడానికి వచ్చారో ఆయనకూ తెలుసు. పార్టీకి పడిన కష్టం వేరు, జనం ఇచ్చిన తీర్పు వేరు. ఆయన లెక్క తప్పింది అక్కడే.

ఎన్టీఆర్ మీద అసంతృప్తి లేదా అంటే, బోలెడంత ఉంది. ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. మా మేనమామ హైస్కూలు మాస్టారు. కూతురి పెళ్లి కుదిరిన సమయంలో ఇంటికి పంపేశారు. ఆయన చివరిదాకా రామారావు పేరు ఎత్తితే లేచి వెళ్లిపోయేవారు. 1984 మొదట్లో కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామాధికారి పదవులు రద్దయ్యాయి. మంచి పనే గానీ, ఊళ్లలో పలుకుబడి ఉన్నవాళ్లంతా పళ్లు నూరారు. మంత్రులేమో ఆయన ముందు నోరు మెదపలేని స్థితి. ఈ కోపాలన్నీ పోగేసి సభలో అవిశ్వాసం పెట్టి ఉంటే భాస్కరరావును రాజకీయ ప్రత్యర్థి అనేవాళ్లం.

ఆయన ఎంచుకున్న దారి అది కాదు. రామారావుగారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఇంకా తేరుకోలేదు. శాసనసభను పిలవండి, రెండు రోజుల్లో బలం చూపిస్తానని గవర్నర్ రాంలాల్‌ను అడిగారు. ఆయన వినలేదు. ఆగస్టు 16న ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. బలం చూపుతానన్నవాడికి రెండు రోజులు ఇవ్వని గవర్నరు, బలముందో లేదో తెలియనివాడికి నెల రోజులు గడువిచ్చారు. నా ఉద్దేశంలో ఆ వ్యవహారం గుట్టంతా ఇందులోనే ఉంది. ఢిల్లీలో ఇందిరాగాంధీ ప్రభుత్వం అండ లేకుండా ఒక గవర్నరు అంత సాహసం చేస్తాడని గుంటూరులో ఎవరూ నమ్మలేదు.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. బ్రాడీపేటలో మా వీధి చివర సెలూన్‌లో పలక మీద సుద్దముక్కతో రోజూ రెండు అంకెలు రాసేవారు: ఎన్టీఆర్ వైపు ఇంతమంది, నాదెండ్ల వైపు ఇంతమంది. రేడియో మీద నమ్మకం లేదు, అది ప్రభుత్వానిది. పేపరు వచ్చేసరికి గడ్డం సగం గీసినవాణ్ని అలాగే కూర్చోబెట్టి అందరూ దాని మీద పడేవారు. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. మా నాన్నగారు జిల్లా కోర్టులో ప్లీడరు గుమాస్తా, పాత కాంగ్రెసువాది. ఆయన కూడా ఆ నెలలో ఇందిరమ్మను వెనకేసుకు రాలేదు.

మా పక్కింటివాళ్ల బంధువు ఒకాయన తెలుగుదేశం ఎమ్మెల్యే. ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలు చేజారకుండా కర్ణాటకలో రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం నీడన నడిచిన శిబిరంలో ఉన్నారు. ఒక రాత్రి ట్రంక్ కాల్ వచ్చింది. రాష్ట్రం భవిష్యత్తు గురించి ఏదో చెబుతారని అందరం చుట్టూ మూగాం. ఇక్కడ సాంబారులో బెల్లం వేస్తున్నారు, మీ అత్తయ్యతో చెప్పి గోంగూర పచ్చడి పంపించే ఏర్పాటు చూడండి అని పెట్టేశారు.

అప్పటికి ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు. అది 1985లో వచ్చింది. అంటే ఎమ్మెల్యే ఎటు దూకినా అడిగేవాడు లేడు. చేతిలో మంత్రి పదవులు, వెనక కేంద్రం, నెల రోజుల వ్యవధి. ఇన్ని ఉన్నా భాస్కరరావు చాలినంత మందిని లాగలేకపోయారు. 160 మందికి పైగా ఎమ్మెల్యేలతో చక్రాల కుర్చీలో రాష్ట్రపతి ముందుకు వెళ్లిన రామారావుగారిని దేశమంతా చూసింది. రాంలాల్ తప్పుకుని శంకర్‌దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సెప్టెంబరులో సభ సమావేశమైనా బలపరీక్ష దాకా రానేలేదు. 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

మా జిల్లావాళ్లం ఈ కథను ఇక్కడితో ఆపేసి సంబరపడతాం. నాకు అంత సంబరం లేదు. ఎమ్మెల్యేలను ఒకచోట చేర్చి, కాపలా పెట్టి, ఫోన్లు కూడా లెక్కపెట్టి చేయించడం ఆ నెలలో ప్రజాస్వామ్యాన్ని కాపాడడానికే కావచ్చు, పద్ధతి మాత్రం రాష్ట్రంలో స్థిరపడిపోయింది. 1984 శిబిరం నడపడంలో ముఖ్యపాత్ర వహించిన చంద్రబాబు నాయుడే 1995 ఆగస్టులో హైదరాబాదు వైస్రాయ్ హోటల్లో మరో శిబిరం నడిపారు. ఈసారి బయట నిలబడింది రామారావుగారు. భాస్కరరావుకు దొరకని సంఖ్య చంద్రబాబుకు దొరికింది కాబట్టి ఒకరిది నెల రోజుల ముచ్చట, ఇంకొకరిది సుదీర్ఘ పాలన అయింది. నాదెండ్లను తిట్టే చాలామంది రెండో ఆగస్టు గురించి అడిగితే పరిస్థితులు వేరంటారు. కొంత వేరే, ఒప్పుకుంటాను. అంత వేరు కాదు.

భాస్కరరావు అంతటితో రాజకీయాల్లోంచి తుడిచిపెట్టుకుపోయారని మీరు రాశారు. అది నిజం కాదు. 1989లో కాంగ్రెస్ తరఫున తెనాలి నుంచి గెలిచారు, 1998లో ఖమ్మం నుంచి లోక్‌సభకు వెళ్లారు. తెనాలిలో మా పెదనాన్నగారు 1984లో ఎన్టీఆర్ కోసం ధర్నాలో కూర్చున్న మనిషి. 89లో ఓటు ఎవరికి వేశారని అడిగితే, “నాదెండ్లకే వేశాను, రామారావు మీద కోపంతో” అన్నారు.