విద్యార్థి సభ్యులు చేరకపోవడం గురించి

రుసుమును సగానికి తగ్గించినా చెన్నై మైలాపూరులోని మీ సంగీత సభలో విద్యార్థులు చేరకపోవడానికి కారణం డబ్బు కాకపోవచ్చు. మార్గళిలో, అంటే డిసెంబరు–జనవరి కచేరీల కాలంలో, చాలా సభల మధ్యాహ్నపు కచేరీలు ఉచితంగానే వినగలిగినప్పుడు, కేవలం కూర్చుని వినే చోటు కోసం చందా ఎవరు కడతారు? వారికి సభ నిర్వహణలో పాలు ఇచ్చి చూడండి.

1. విద్యార్థి సభ్యునికి సర్వసభ్య సమావేశంలో ఓటు ఉందో లేదో ముందుగా నియమావళిలో చూడండి. లేకపోతే ఓటు ఇచ్చేలా నియమావళిని ప్రత్యేక తీర్మానంతో సవరించి రిజిస్ట్రారు వద్ద దాఖలు చేయండి. తమిళనాడు సంఘాల నమోదు చట్టం, 1975 ప్రకారం, నమోదైన తరువాతే ఆ సవరణ చెల్లుతుంది.

2. చాలామంది వదిలేసేది బాధ్యత అప్పగించడం. పద్దెనిమిదేళ్లు నిండిన ఇద్దరిని కార్యవర్గంలోకి తీసుకుని, నెలకొక కచేరీని, కళాకారుల ఎంపిక మొదలుకొని మృదంగం మైకు సరిచూసుకోవడం వరకు, పూర్తిగా వారికే వదలండి. ఆ సాయంత్రం పెద్దలు వెనుక వరుసలో మౌనంగా కూర్చోవాలి. అసలు కష్టం అక్కడే.