రింగ్‌లో దిగబోయే అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు బాక్సింగ్ పోటీలకు పేరిచ్చావని మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మాటైతే వింటుందన్నయ్యా, వద్దని చెప్పు" అన్నాడు. మన ఇంట్లో మళ్ళీ ఒకరు గ్లవ్స్ వేసుకుంటున్నారని నాకెంత సంతోషమేసిందో వాడికి చెప్పలేదు. భయమేసిన సంగతీ చెప్పలేదు. నీకు మాత్రం రెండూ చెప్తున్నాను.

పొద్దున్నే పరిగెత్తు, స్కిప్పింగ్ మానకు, పళ్ళ డాక్టర్‌కి కొలతిచ్చి మౌత్‌గార్డ్ చేయించుకో. మిగతావి మీ కోచ్ చెప్తాడు. నా బెంగంతా నీ తల గురించే.

హెడ్‌గార్డ్ ఉంది కదా పెదనాన్నా అంటావేమో. అది చర్మం చిట్లకుండా, చెవులు వాచకుండా కాపాడుతుంది. గ్లవ్స్ ముఖ్యంగా కొట్టేవాళ్ళ చేతి ఎముకల్ని కాపాడతాయి. పుర్రె లోపల జరిగేదాన్ని ఈ రెండూ ఆపలేవు. నీళ్ళున్న గిన్నెను గిర్రున తిప్పితే, గిన్నె తిరిగినంత వేగంగా నీళ్ళు తిరగవు. దవడకు హుక్, అంటే పక్కనుంచి వంచిన చేత్తో కొట్టే గుద్దు, తగిలి తల ఒక్కసారిగా తిరిగినప్పుడు మెదడు పరిస్థితీ అంతే. మెదడు మీది సన్నటి సిరలు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. 2013లో ఎలైట్ పురుషుల అమెచ్యూర్ పోటీల్లో హెడ్‌గార్డ్ తీసేశారు కూడా. కాబట్టి అది ఉందన్న ధైర్యంతో అదనంగా ఒక్క దెబ్బ కూడా తినకు.

నేను ఆడే రోజుల్లో మా జిమ్‌లో ఒకడుండేవాడు. నాకంటే మంచి బాక్సర్. సెలెక్షన్స్ దగ్గరపడ్డాయి. బరువు దిగాలని నీళ్ళు కూడా సరిగ్గా తాగేవాడు కాదు. ఒక సాయంత్రం స్పారింగ్‌లో, అంటే జిమ్‌లో ఒకరితో ఒకరు ఆడే సాధన పోరులో, దవడకు గట్టిగా తగిలింది. పడిపోలేదు, రౌండ్ పూర్తి చేశాడు. మర్నాటి నుంచి తలనొప్పి. కడుపు మాడ్చుకోవడం వల్లే అనుకున్నాడు, మాత్ర వేసుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. చెబితే కోచ్ సెలెక్షన్స్‌కి పంపడని భయం. రెండు రోజులాగి మళ్ళీ స్పారింగ్‌కి వచ్చాడు. గ్లవ్స్ కింద చేతికి చుట్టే బ్యాండేజ్‌ని కళ్ళు మూసుకుని చుట్టుకోగలవాడు, ఆ రోజు బొటనవేలి చుట్టు దగ్గర తప్పాడు. విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే తప్పాడు. "నిద్ర చాల్లేదురా" అన్నాడు. మొదటి రౌండ్లో నుదుటికి మామూలు జాబ్, ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు, ఒకటి తగిలింది. రోజూ లెక్కపెట్టకుండా తినేలాంటి దెబ్బ. రెండడుగులు వెనక్కి వేసి, తాడు పట్టుకుని, వాంతి చేసుకుని కూలిపోయాడు. రెప్ప ఎత్తి చూస్తే ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దగా ఉంది.

ఆపరేషన్ చేసి గడ్డకట్టిన రక్తం తీశారు. ముందు తగిలిన దెబ్బకే లోపల చిట్లి నెమ్మదిగా కారుతూ వచ్చిందని డాక్టర్ చెప్పాడు. తలనొప్పి మొదలైన రోజే నోరు విప్పి ఉంటే ఎంత బాగుండేది! బతికాడు గానీ ఎడమ చేతికి పట్టు రాలేదు, మాట మధ్యలో ఆగిపోతుంది. నన్ను చూస్తే ఇప్పటికీ గార్డ్ ఎత్తుతాడు. కుడి చెయ్యి ఒక్కటే లేస్తుంది.

నువ్వూ దాచుకునే పిల్లవే. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి చెయ్యి విరిగితే సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. ధైర్యమంటే నీదే అని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం అప్పుడే తిట్టాను, గుర్తుందా? ఇప్పుడూ తిడుతున్నాను. తలనొప్పి, వికారం, మసక చూపు, ఏం జరిగిందో గుర్తురాకపోవడం, ఏది వచ్చినా అదే రోజు చెప్పాలి. స్పృహ తప్పకపోయినా కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరి దెబ్బతినడం, అవుతుంది. డాక్టర్ సరేననేదాకా రింగ్ ఎక్కకూడదు. సెలెక్షన్స్ మళ్ళీ వస్తాయి తల్లీ.

బరువు దిగడానికి నీళ్ళు మానితే మాత్రం నేనొచ్చి నిన్ను ఇంటికి తీసుకుపోతాను. పై బరువు విభాగంలో ఆడి ఓడిపో, నాకేం ఫర్వాలేదు.

ఇంతకీ ఇంత ప్రమాదం పెట్టుకోవడం అవసరమా అని మీ నాన్న ప్రశ్న. బ్యాగునీ ప్యాడ్లనీ కొడుతూ, ఎదుట ఎవరూ లేకుండా షాడో బాక్సింగ్ చేస్తూ ఉంటే తలకు దెబ్బే ఉండదు, ఒళ్ళూ మనసూ గట్టిపడేదంతా అక్కడే దొరుకుతుంది. మూడు రౌండ్ల పోటీలు, మంచి రిఫరీ ఉంటే, నాలుగేళ్ళు ఆడు, నాకు సమ్మతమే. ఆ ఆట నాకిచ్చిన నిబ్బరం ఇంకెక్కడా దొరకలేదు, నీకూ దొరకాలని నా కోరిక. జిమ్‌లో ఒకళ్ళనొకళ్ళు చితక్కొట్టుకునే స్పారింగ్‌కి మాత్రం ఒప్పుకోను. దానికి పతకం లేదు, పేరు లేదు, దెబ్బలు మాత్రం పోగుపడతాయి. 1928లోనే మార్ట్‌లాండ్ అనే డాక్టర్ బాక్సర్లలో తడబడే నడకనీ మందగించే బుద్ధినీ గురించి రాశాడు. నాకౌట్ అయినవాళ్ళకే కాదు, ఏళ్ళ తరబడి చిన్న దెబ్బలు తిన్నవాళ్ళకీ ఆ జబ్బు వస్తుంది. మహమ్మద్ అలీకి పార్కిన్సన్స్ అని చెప్పేనాటికి 42 ఏళ్ళు. అది బాక్సింగ్ వల్లేనా అన్న వాదన ఎలా ఉన్నా, ఆట చివరి ఏళ్ళలో ఆయన తిన్న దెబ్బలు చూసినవాణ్ణి నేను. అందుకే ఎప్పుడు మానెయ్యాలో ఇప్పుడే అనుకుని నాకు చెప్పు.

మీ కోచ్ నంబరు పంపు. మర్యాదగానే మాట్లాడతాను, కంగారుపడకు. రింగ్ పక్కన డాక్టర్ ఉంటాడా, అంబులెన్స్ ఉంటుందా, తలకు ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఎంత దూరం అని అడుగుతాను. 1991లో లండన్‌లో మైకేల్ వాట్సన్ అనే బాక్సర్ రింగ్‌లో కూలిపోతే అక్కడే అందాల్సిన వైద్యం ఆలస్యమైంది. 40 రోజులు కోమాలో ఉన్నాడు. ఆ కేసు కోర్టుకెక్కాక గానీ అక్కడి బాక్సింగ్ బోర్డుకి ఆ బాధ్యత తనదని తెలిసి రాలేదు.

మీ నాన్నకి నేను నచ్చచెప్తాను. నువ్వు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, ఎన్ని రౌండ్లు స్పారింగ్ చేశావో, ఎవరితో చేశావో, తల ఎలా ఉందో చెప్పు. "బాగానే ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఊరుకోను.

ఆశీస్సులతో,
పెదనాన్న