కర్రిగాడి పేరు అరగదీయకు

అమ్మడూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి ఒక్క గుక్కలో రెండు కబుర్లు చెప్పింది. ఇంటికి కుక్కపిల్ల వచ్చిందట, నువ్వు కెమెరా కొన్నావట. కాలువ గట్టు మీద ఇల్లు, దాంట్లో కుక్కపిల్ల అనేసరికి నా గుండె గుభేలుమంది. వేలు పోసి బొచ్చుకుక్కని కొనకుండా వీధిలో వణుకుతున్న నల్లపిల్లని ఎత్తుకొచ్చి కర్రిగాడని పేరు పెట్టావని విని మాత్రం మురిసిపోయాను. మన ఉక్కకి, మన వానకి తట్టుకునేది వాడే.

తేలికవి ముందు చెప్పేస్తాను. 6 నుంచి 8 వారాల మధ్య మొదటి టీకా, అక్కణ్ణించి 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి. రేబిస్‌ది మూడో నెలలో, మళ్ళీ ఏడాదికి. టీకాలో లెప్టో కూడా ఉందా అని పశువుల డాక్టరుగారిని నోరు తెరిచి అడుగు. ఎలుకల మూత్రం కలిసిన చేలనీళ్ళలోంచి వచ్చే జబ్బది, మనుషులకీ అంటుకుంటుంది. పిడుదుల కోసం రోజూ చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో చూడు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, కిస్మిస్ వద్దు. జ్వరమని మన పారాసిటమాల్ బిళ్ళ వేశావో, ప్రాణం మీదికి తెస్తావు. వండిన ఎముకలూ చేపముళ్ళూ వద్దు. పులస మాట వేరే చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో అది కుక్కదాకా మిగిలితే కదా! చేలల్లో ఎలుకలమందు పెట్టే రోజుల్లో తాడు చేతిలోంచి జారనివ్వకు. మందు తిని చచ్చిన ఎలుకని నోట కరిచినా ముప్పే.

ఇక అసలు సంగతి. కెమెరా చేతికి రాగానే అందరూ చేసేదే నువ్వూ చేస్తావు. వాడు అటు చూస్తుంటాడు, "కర్రీ... కర్రీ..." అని పిలుస్తావు. చూస్తాడు, నొక్కుతావు, మళ్ళీ పిలుస్తావు. చెయ్యకు. ఇది నేను చేసిన తప్పు.

కాలువలు కట్టేసిన వేసవిలో రేవు మెట్లు దిగితే అడుగున ఎండిన ఇసక, చల్లటి గట్టు నీడ. ఫోటోలకి ఇంతకంటే మంచి చోటు లేదనుకుని రోజూ మా కుక్కని అక్కడికే దింపాను. ఒక్కో ఫ్రేముకి నాలుగైదు పిలుపులు. ఫిల్ము రోలుకి 36 ఫ్రేములు, లెక్క నువ్వే కట్టుకో. పిలిచినప్పుడల్లా వాడికి ఒరిగిందేమిటి? నల్లటి గాజుకన్నొకటి ఎదురుగా, ఒక టక్ అనే చప్పుడు. తినడానికేమీ లేదు, నిమిరింది లేదు. రెండు నెలల్లో ఆ పేరు వాడికి గాలిచప్పుడుతో సమానమైపోయింది. జూన్‌లో కాలువకి నీళ్ళొదిలారు. వాడికేం తెలుసు, రోజూ దిగే మెట్లేగా అని పరుగెత్తాడు. గొంతు చించుకుని పిలిచాను. ఎడమ చెవి మాత్రం ఇటు తిప్పాడు, తల తిప్పలేదు. కింది మెట్టు మీద పాచి. కాలు జారి పడ్డవాణ్ణి నీళ్ళు తూము వైపు ఈడ్చుకుపోతుంటే పడవవాళ్ళెవరో గెడ అడ్డం పెట్టి లాగారు. బతికాడు. వాడి పొగరు కాదది, పేరు అరగదీసింది నేను.

అందుకని నువ్విలా చెయ్యి. పేరుకి ప్రతిసారీ ఏదో ఒకటి ముట్టాలి, శనగగింజంత ఉడికిన కోడిమాంసం చాలు. "దా" అనే మాట రమ్మనడానికే దాచిపెట్టు, దానికి కోడికార్జం లాంటి పెద్ద బహుమానం. ముందు ఇంట్లో రెండడుగుల దూరం నుంచి, తర్వాత పెరట్లో పదడుగులు, తర్వాత 30 అడుగుల తాడుతో బయట. ఆ తాడు మెడపట్టీకి కాదు, ఛాతీకి వేసే పట్టీకి కట్టు. లేకపోతే పరుగులో లాగినప్పుడు మెడ పట్టేస్తుంది. పదిసార్లు పిలిస్తే కనీసం తొమ్మిదిసార్లైనా రాకపోతే ఇంకా వెడల్పాటి చోటికి పోవద్దు. ఫోటో కోసం చూడాలంటే వేరే చప్పుళ్ళున్నాయి: నాలుకతో టకటక, కవరు నలపడం, గోటితో చెక్క గీకడం. ఒక్కోటీ పూటకి రెండుసార్లే, మూడోసారికి పాతబడిపోతుంది. నొక్కిన వెంటనే ముక్క పెట్టు. అసలు మొదటి వారం కెమెరాని నేలమీద పెట్టి దాని పక్కన తిండి వేస్తే చాలు. వాడు పెదాలు నాక్కున్నా, ఊరికే ఆవలించినా, కళ్ళల్లో తెల్లగుడ్డు కనిపించేలా పక్కకి చూసినా ఆ పూటకి ఆపెయ్యి. ఐదు నిమిషాలు మించనివ్వకు.

నల్లకుక్క తంటా వేరే ఉంది. కెమెరాకి రంగు తెలీదు, కనిపించిందల్లా మధ్యరకం బూడిదరంగులోకి తేవాలని చూస్తుంది. కర్రిగాడి మొహం ఫ్రేము నిండా ఉంటే వాణ్ణి తెల్లబరిచి బొగ్గుమీద బూడిద చల్లినట్టు చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి అందే వెలుగు, ఒక మెట్టు దాకా తగ్గించు. అదే వాడు గోదారి ఇసకతిప్ప మీద చిన్నగా ఉండి చుట్టూ వెలుగుంటే ఉత్త నీడబొమ్మ అవుతాడు, అప్పుడు ఒక మెట్టు పెంచు. అంటే తిప్పాల్సింది వాడి రంగుని బట్టి కాదు, ఫ్రేములో ఎంత చోటు ఆక్రమించాడో దాన్ని బట్టి. కొబ్బరితోటలో మాత్రం తియ్యకు. ఆకుల సందుల్లోంచి పడే ఎండమచ్చలతో వాడు చిరుతపులి అవుతాడు. వీధరుగు మీద, చూరు నీడలో, ఆకాశం వైపు మొహం ఉండేలా కూర్చోబెట్టు. కంట్లో తెల్లటి చుక్క మెరవాలి. అది లేకపోతే నల్లమొహంలో కళ్ళెక్కడో వెతుక్కోవాలి. చుక్క రాకపోతే మీ నాన్న తెల్ల పంచె మూడడుగుల దూరంలో పరుచు. ఫ్లాష్ వేస్తే ఆ కళ్ళు పచ్చగా మండుతాయి.

నువ్వు నేలమీద బోర్లా పడుకో, బట్టలు పాడవుతాయని చూడకు. కూర్చున్నవాడికి షట్టర్ 1/250 సెకను, నడుస్తుంటే 1/500, పరుగుకి 1/1000 పైన. లెన్సులో వెలుగొచ్చే కన్నాన్ని ఎఫ్ 4 దగ్గర ఉంచు. ఇంకా తెరిస్తే కన్ను పదునుగా వచ్చినా ముక్కు అలుక్కుపోతుంది. ఫోకస్ కదిలేవాటి వెంటపడే పద్ధతిలో పెట్టి, దగ్గరి కంటిమీద ఉంచు.

రోహిణీ కార్తెలో అరచెయ్యి వెనకభాగం సిమెంటు రోడ్డు మీద ఆనించి 7 సెకన్లు లెక్కపెట్టు. ఆనించలేకపోతే వాడూ నడవలేడు. నవ్వుతున్నాడని ముచ్చటపడి తీసే ఫోటోల్లో సగం ఉక్కకి వగర్చేవే. నాలుక కొస వెడల్పై కిందికి వేలాడిందా, కెమెరా పక్కన పడేసి నీడలోకి తీసుకెళ్ళు, తాగడానికి నీళ్ళుపెట్టు. తూలినా, చొంగ కార్చినా ఒంటిమీద మామూలు నీళ్ళు పోసి, ఫాను వేసి, డాక్టరు దగ్గరికి పరుగెత్తు. వాడికి 101 నుంచి 102.5 డిగ్రీలు మామూలే, 104 దాటితే ప్రమాదం.

కెమెరాకీ మన చెమ్మ పడదు. తోలుసంచిలో దాచకు, లెన్సులో బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చేటప్పుడు అరగంట సంచి తెరవకు.

ఆదివారం వస్తున్నాను. 30 అడుగుల నైలాన్ తాడు నేనే తెస్తాను, అక్కడ కొనకు. నేను వచ్చేదాకా వాణ్ణి రేవు వైపు తీసుకెళ్ళొద్దు. పేరు పలికితే వాడు తల తిప్పుతాడో, చెవి తిప్పుతాడో చూసి చెప్పు.

మీ పెద్ద మావయ్య