హిస్టోపాథాలజీ స్లైడ్ (జబ్బు గుర్తించడానికి కణజాలపు పలచని ముక్క అంటించిన గాజు పలక) చదవడం విద్యార్థులకు ఎలా నేర్పాలి?

ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో చాలామంది మైక్రోస్కోప్‌లో స్లైడ్ పెట్టగానే బాగా పెద్దగా చూపే 40ఎక్స్‌కు తిప్పేస్తారు. అక్కడ కణాలు కనిపిస్తాయి, వాటి అమరిక కనిపించదు. ముందు తక్కువ పెద్దగా చూపే 4ఎక్స్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు చూపించి, ఇది ఏ అవయవమో చెప్పించండి. చెప్పేదాకా లెన్స్ మార్చనివ్వకండి.

క్షయ సోకిన లింఫ్ నోడ్‌నే తీసుకోండి. 4ఎక్స్‌లో నిర్మాణమంతా చెరిగిపోయి గులాబీరంగు ముద్దలా కనిపించేది కేజియస్ నెక్రోసిస్ (జున్నులా మారిన మృత కణజాలం). 10ఎక్స్‌లో దాని చుట్టూ లేతరంగు ఎపిథెలియాయిడ్ కణాలు (రూపం మారిన రక్షక కణాలు), వాటి బయట లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు). గుర్రపు నాడాలా కేంద్రకాలు వరసకట్టిన లాంగ్‌హాన్స్ కణం కోసం అప్పుడు 40ఎక్స్‌కు వెళ్లాలి. ఆ కణం సార్కాయిడోసిస్ అనే వేరే జబ్బులోనూ ఉంటుంది కాబట్టి, అదొక్కటే చూసి క్షయ అని రాస్తే ఒప్పుకోకూడదు.

40ఎక్స్‌లో ఫోకస్ కుదరడం లేదంటే చాలాసార్లు స్లైడ్ తిరగేసి పెట్టి ఉంటారు. కవర్‌స్లిప్ (కణజాలాన్ని కప్పే పలచని గాజు) పైకి ఉండాలి.