అక్క ఉంది కానీ, అక్కకు తమ్ముడు లేడంటున్నాడు

నాలుగేళ్లు నిండిన మీ అబ్బాయి తనకు అక్క ఉందని చెబుతూనే, అక్కకు తమ్ముడు ఉన్నాడా అని అడిగితే లేడంటున్నాడని, ఎన్నిసార్లు సరిదిద్దినా తీరు మారడం లేదని, ఇది బుద్ధిమాంద్యానికి గుర్తేమోనని అడిగారు. చాలాకాలం ఒకటో తరగతికి పాఠాలు చెప్పినవాడిగా, ఇంచుమించు ఇదే జవాబును ఇంట్లోనూ విన్న తండ్రిగా చెబుతున్నాను: ఆ వయసులో అది మామూలు జవాబే.

మా అమ్మాయి నాలుగున్నరేళ్లప్పుడు, అన్నయ్యకు చెల్లెలు లేదని నాతో గట్టిగా వాదించింది. అంతటితో ఆగలేదు. మా ఆవిడ తన అన్నగారిని "అన్నయ్యా" అని పిలిచినప్పుడల్లా "అన్నయ్య కాదమ్మా, మామయ్య!" అని తల్లిని దిద్దేది. నేను "బావగారూ" అంటే నన్నూ వదిలేది కాదు. మామయ్య అనేది ఆ మనిషికి పెట్టిన పేరనే దాని నమ్మకం. ఒకే మనిషి ఒకరికి అన్నయ్య, మరొకరికి బావగారు, ఇంకొకరికి మామయ్య కావాలంటే, ప్రతిసారీ ఎదుటివారి స్థానంలో నిలబడి చూడాలి. నాన్నకూ ఒక అమ్మ ఉందంటే "నాన్న పెద్దవాడయ్యాడుగా, ఇంకా అమ్మ ఎందుకు?" అనేది.

స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే (1896–1980) యువకుడిగా పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షల మీద పనిచేస్తూ, ఒక వయసు పిల్లలు దాదాపు ఒకే రకం తప్పులు చేయడం గమనించి, ఎన్ని ఒప్పులని లెక్కపెట్టడం కంటే ఆ తప్పుల వెనక ఉన్న ఆలోచనను వెతకడం మేలనుకున్నాడు. 1920ల్లో ఆయన పిల్లలను అడిగిన ప్రశ్నల్లో మీరు అడిగినదీ ఉంది. సోదరుడంటే ఎవరని అడిగితే చిన్నపిల్లలు "ఒక అబ్బాయి" అనేవారు. అది ఇద్దరి మధ్య ఉండే బంధమని వారికి తోచేది కాదు. డీఎస్సీకి చదివినవారికి ఇదంతా "పూర్వ ప్రచాలక దశ, 2 నుంచి 7 సంవత్సరాలు" అన్న ఒక్క ముక్కలో గుర్తుంటుంది. ఎదుటివారి వైపు నుంచి ఆలోచించడం పిల్లలకు ఇంకా అంతగా చేతకాని వయసుకు పియాజే పెట్టిన పేరది. నేనూ దానిని బట్టీపట్టినవాడినే. అయినా సొంత కూతురు ఆ జవాబు చెప్పిన రోజున ఆ ముక్క గుర్తుకు రాకపోగా, కంగారుపడ్డాను.

కంగారులో నేను చేసిన పొరపాటు మాత్రం మీరు చేయకండి. పియాజే చేసిన మరో పరీక్షను ఇంట్లో మొదలుపెట్టి, రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా మజ్జిగ పోసి, ఒకదానిలోది వెడల్పాటి గిన్నెలోకి ఒంపి, ఎందులో ఎక్కువుందని రోజూ అడిగేవాడిని. పొడుగ్గా కనిపించే గ్లాసులోనే ఎక్కువని అది చెప్పేది. కొన్నాళ్లకు "సమానం" అంది కానీ, నేను "నిజంగానా?" అని రెట్టించగానే నా మొహం చూసి జవాబు మార్చేసింది. పెద్దవాళ్లు అదే ప్రశ్న మళ్లీ అడిగారంటే మొదటి జవాబు తప్పని పిల్లలు అనుకుంటారు. 1970ల్లో మనస్తత్వవేత్త మార్గరెట్ డొనాల్డ్‌సన్, ఆమె సహచరుడు మెక్‌గ్యారిగిల్ స్కాట్లండులో ఇలాంటి పరీక్షనే మరోలా చేశారు. రెండు వరుసల్లో సమానంగా పేర్చిన వస్తువుల్లో ఒక వరుసను పరీక్షించేవారు కాకుండా, అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొట్టినట్టు ఆడించారు. అప్పుడు, సంఖ్య మారలేదని సరిగ్గా చెప్పిన పిల్లలు చాలా ఎక్కువమంది కనిపించారు. అంటే తప్పు జవాబులో కొంత వాటా పిల్లల ఆలోచనది కాదు, మనం అడిగే తీరుది.

అందువల్ల తమ్ముడి ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. దానికి బదులు, అక్క బడి నుంచి వచ్చినప్పుడు "అక్క తన తమ్ముడికి ఏం తెచ్చిందో చూడు" అన్నట్టుగా మీ మాటల్లో ఆ బంధాలను సహజంగా వాడుతూ ఉండండి. మాటలు ఆలస్యంగా వస్తున్నా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా అది వేరే సంగతి. అప్పుడు పిల్లల వైద్యుడికి తప్పక చూపించండి. మీరు రాసిన దానిలో అలాంటిదేదీ నాకు కనిపించలేదు.

మా ఇంట్లో ఆ మార్పు ఎప్పుడు వచ్చిందో నేను గమనించనే లేదు. అమ్మాయికి ఆరున్నరేళ్లున్నప్పుడు సంక్రాంతికి మా చెల్లెలు వచ్చింది. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే కాసేపు విని, "నాన్నా, అత్తకు నువ్వు అన్నయ్యవి కదా, మరి నువ్వు కూడా అత్త జడ పట్టుకుని లాగేవాడివా?" అని అడిగింది. లాగేవాడినని మా చెల్లెలే చెప్పింది.